పెద్ద పార్కులో దారి బోర్డులు బాగుచేయడం ఎలా?

"పార్కు నిండా బోర్డులున్నాయి. అయినా రోజూ ఎవరో ఒకరు దారి తప్పి గేటు దగ్గరికి ఫోన్ చేస్తున్నారు. ఇంకో పది బోర్డులు పెట్టిద్దామా?" పార్కుల నిర్వహణ చూసేవాళ్లు, వాకర్స్ సంఘాలవాళ్లు, వాలంటీర్లు తిప్పి తిప్పి అడిగే ప్రశ్న ఇది. నా జవాబు ఎప్పుడూ ఒకటే: వద్దు. చాలా పార్కుల్లో బోర్డులు తక్కువై కాదు ఇబ్బంది, అవి నిలబడ్డ చోటు తప్పు కావడం వల్ల. మనిషి ఆగి "ఇటా, అటా?" అని చూసే చోట ఏమీ ఉండదు. ఏ సందేహమూ రాని తిన్నని బాట మీద మాత్రం మూడు బోర్డులు వరసగా నిలబడి ఉంటాయి.

కాబట్టి పని ఈ వరసలో సాగాలి: ముందు పీకేయడం, తర్వాత జరపడం, ఆ తర్వాత తిరగరాయడం, చిట్టచివర కొత్తవి పెట్టడం. కింద చెప్పేదంతా కాలిబాటలు చాలాచోట్ల చీలి కలిసే పెద్ద పార్కు కోసం. నాలుగు బాటలున్న చిన్న పార్కుకైతే గేటు దగ్గర ఒక మంచి మ్యాపు చాలు, ఇంత తతంగం అక్కర్లేదు.

కావలసినవి

- పార్కు యాజమాన్యం రాతపూర్వకంగా ఇచ్చిన అనుమతి. బోర్డు తీయడానికీ, పెట్టడానికీ, చెట్టు మీద రంగు వేయడానికీ విడివిడిగా అడగండి. మూడూ ఒకటి కావు.
- బాటలన్నీ ఉన్న మ్యాపు, గోడకు అంటించుకునేంత పెద్దది.
- నడిచిన దారిని రికార్డు చేసే జీపీఎస్ యాప్ ఉన్న ఫోన్.
- దూరం కొలిచే చక్రం. దొరక్కపోతే ఫోనుతోనే నెట్టుకురావచ్చు, ఎలాగో 6వ మెట్టులో ఉంది.
- బోర్డుల పట్టిక రాసుకోవడానికి నోటుబుక్కో, స్ప్రెడ్‌షీటో.
- తాత్కాలిక బోర్డులకు లామినేట్ చేసిన కాగితాలు లేదా పలచని ప్లాస్టిక్ షీట్లు, కట్టడానికి కేబుల్ టైలు.
- ఆ పార్కులో ఎప్పుడూ అడుగుపెట్టని ఐదారుగురు మనుషులు. మిగతావన్నీ డబ్బుతో వస్తాయి. వీళ్లను మాత్రం వెతికి పట్టుకోవాలి.

1. కొత్తవాళ్ల వెనక నడవండి

పార్కు తెలిసినవాళ్లకు బోర్డుల లోపం కనబడదు. కాళ్లకే దారి తెలుసు కాబట్టి కళ్లు బోర్డు వైపు పోవు. అందుకే మొదటి పరిశీలన మీరు చేయకూడదు, కొత్తవాళ్లతో చేయించాలి.

ఒక్కొక్కరికీ విడిగా ఒక పని చెప్పండి: "ఉత్తరం గేటు నుంచి చెరువు దాకా వెళ్లండి. వేరే దారిలో తిరిగి రండి. ఫోన్ తీయొద్దు." మీరు కాస్త దూరంగా వెనక నడవండి. మాట్లాడకండి, తల కూడా ఊపకండి. నాలుగు విషయాలు మ్యాపు మీద గుర్తు పెట్టుకోండి: ఎక్కడ ఆగారు, ఎక్కడ వెనక్కి తిరిగి చూశారు, ఎక్కడ చెయ్యి జేబులోని ఫోన్ వైపు పోయింది, ఎక్కడ తప్పు దారి పట్టారు. తప్పు దారిలో వంద మీటర్లు పోయాక పిలిచి, అటెందుకు వెళ్లారో అక్కడికక్కడే అడగండి. గేటు దగ్గరికొచ్చాక అడిగితే అసలు కారణం మరచిపోయి, అప్పటికప్పుడు తోచింది చెబుతారు.

అందరూ ఒకే రకం మనుషులు కాకుండా చూసుకోండి. ఒక పెద్దాయనో పెద్దావిడో, పదేళ్ల పిల్లో పిల్లాడో, వీల్‌చెయిర్‌లో వచ్చేవారు, బోర్డు మీది భాష చదవడం రానివారు ఉంటే ఒక్కొక్కరు ఒక్కో లోపం బయటపెడతారు. పిల్లలతో నడిచేటప్పుడు మాత్రం పెద్దవాళ్లు తోడుండాలి.

కొత్తవాళ్ల వెనక నడవకుండానే దొరికే ఆధారాలు మరికొన్ని ఉన్నాయి. గేటు కాపలావాళ్లనీ తోటమాలులనీ "మిమ్మల్ని జనం ఎక్కడ ఆపి దారి అడుగుతారు?" అని అడిగి చూడండి. వెంటనే రెండు మూడు చోట్లు చెబుతారు. బోర్డుల మీద ఎవరో గోరుతోనో బొగ్గుతోనో గీసిన బాణాలుంటే వాటిని చెరిపేయడానికి తొందరపడకండి. అక్కడ మీ బోర్డు జవాబు చెప్పలేకపోయింది, వచ్చినవాడెవడో మీ పని చేసిపెట్టాడు.

2. ఉన్న బోర్డులన్నిటికీ లెక్క రాయండి

ప్రతి బోర్డుకీ ఒక నంబరు ఇచ్చి పట్టికలో ఇవి రాయండి: ఎక్కడుంది, ఏ దిక్కుకు తిరిగి ఉంది, ఏం రాసి ఉంది, ఎలా ఉంది. ఫోటోలు రెండు తీయాలి. ఒకటి దగ్గర్నుంచి, రెండోది నడిచి వచ్చేవాడి కంటికి కనబడేట్టు పది మీటర్ల నుంచి. కొమ్మ వెనక దాక్కున్న బోర్డు, దారికి సమాంతరంగా తిరిగిపోయి అంచు మాత్రమే కనబడే బోర్డు ఆ రెండో ఫోటోలోనే దొరుకుతాయి.

ఫోన్ జీపీఎస్ ఆకాశం బాగా కనబడే చోట ఐదు మీటర్ల దాకా తేడాతో చూపిస్తుంది. గుబురు చెట్ల కింద ఆ తేడా ఇంకా పెరుగుతుంది. దగ్గరదగ్గరగా రెండు చీలికలున్న చోట అంకెల్ని నమ్ముకోకుండా "వంతెన దాటాక మొదటిది, కుడి పక్క" అని మాటల్లో కూడా రాసుకోండి.

3. పీకేయాల్సినవి పీకేయండి

మనసొప్పని పని ఇదే. ప్రతి బోర్డు వెనకా "అది మేం పెట్టించింది" అనేవారు ఒకరుంటారు. అయినా ఈ మెట్టు దాటకుండా ముందుకు పోతే కొత్త బోర్డులు పాతవాటి మధ్య మునిగిపోతాయి.

తీసేయాల్సినవి: ఇప్పుడు లేని చోట్లకు దారి చూపేవి, ఒకే మాట చెప్పే జంట బోర్డులు, లోపల అడుగడుగునా నిలబడ్డ "స్వాగతం"లు, ఒకే స్తంభానికి వేలాడే ఐదారు "చేయరాదు"లు. నిషేధాలన్నీ గేటు దగ్గర ఒక్కచోట చేర్చండి. దీనికి మినహాయింపు ప్రమాద సూచన. లోతు నీళ్లు, జారే బండ, తేనెపట్టు లాంటివి ఎక్కడుంటే హెచ్చరిక అక్కడే, కాస్త ముందుగా ఉండాలి. దారి చూపే స్తంభం మీద దారి తప్ప మరేమీ ఉండకూడదనేది నా లెక్క. ఒక నిషేధం వచ్చి చేరిందంటే దాని వెంట దాతల పేర్లు, నినాదాలు వరస కడతాయి.

హెచ్చరిక: బోర్డు తీసి స్తంభాన్ని వదిలేయకండి. నేల మట్టానికి కోసి వదిలేసిన ఇనుప మొండెం చీకట్లో కాలికి తగిలితే గాయం తప్పదు. దిమ్మతో సహా తవ్వి తీసి గుంత పూడ్చండి. చెట్ల మీది పాత రంగు గుర్తుల్ని గీకకూడదు, బెరడు దెబ్బతింటుంది. బెరడు రంగుకు దగ్గరగా ఉండే బూడిదో గోధుమో రంగు పైన పూస్తే మాసిపోతాయి.

4. ఒక చోటుకు ఒకే పేరు

గేటు మ్యాపులో "సరస్సు", దారిలో "చెరువు", యాప్‌లో "లేక్ వ్యూ". అలవాటున్నవాళ్లకు మూడూ ఒకటే. కొత్తవాడికి మూడు చోట్లు. పార్కులో జనం వెళ్లే ప్రదేశాల జాబితా రాసి, ఒక్కోదానికి ఒక్క పేరు ఖాయం చేయండి. మ్యాపు, బోర్డు, కరపత్రం, కాపలావాళ్ల నోటి మాట అన్నీ ఆ పేరే పలకాలి.

దీనికి తోడు ఒక కఠినమైన నియమం పెట్టుకోండి. ఒక పేరు ఒక బోర్డు మీద కనబడిందంటే, ఆ చోటు చేరేదాకా దారిలో ప్రతి చీలిక దగ్గరా కనబడాలి. మొదటి బోర్డులో "వ్యూ పాయింట్" అని ఊరించి రెండో చీలికలో ఆ మాటే ఎత్తకపోతే మనిషి అక్కడే నిలబడిపోతాడు. జనం తప్పిపోవడానికి నేను చూసినంతలో మొదటి కారణం ఇదే. నియమం పాటించడం కష్టమనిపిస్తే మీరు మరీ ఎక్కువ పేర్లు ఎత్తుకున్నారని అర్థం, తగ్గించండి. ఒక్కో దిక్కుకు రెండు పేర్లు చాలు, దగ్గరిది ఒకటి, దూరపు ముఖ్యమైనది ఒకటి. వీటితోపాటు ప్రతి కూడలిలోనూ ఏదో ఒక గేటు పేరు తప్పక ఉండాలి. పొద్దు వాలాక లోపలున్న ప్రతి మనిషికీ కావలసింది బయటికి పోయే దారి ఒక్కటే.

చుట్టు బాటలకు రంగులు ఇస్తే రంగుతో పాటు పేరు, ఆకారం కూడా ఇవ్వండి: నీలం వృత్తం, పసుపు త్రికోణం అన్నట్టు. ఎరుపు, ఆకుపచ్చ తేడా పట్టలేనివాళ్లు మగవాళ్లలో నూటికి ఎనిమిది మంది దాకా ఉంటారు. పైగా వెలుతురు తగ్గేకొద్దీ ముందుగా నల్లబడిపోయేది ఎరుపే.

ఇంకో పద్ధతి ఉంది, పెద్ద పార్కుకు నాకు బాగా నచ్చేది: కూడళ్లకే నంబర్లు వేయడం. బెల్జియంలోని లింబర్గ్ ప్రాంతంలో 1995లో సైకిల్ దారులకు ఇలా చేశారు. అక్కడి నుంచి నెదర్లాండ్స్‌కీ, నడక దారులకీ పాకింది. ప్రతి కూడలికీ ఒక అంకె, అక్కడి నుంచి పక్క కూడళ్ల అంకెలు, వాటి వైపు బాణాలు, అంతే. వచ్చినవాళ్లు "4, 11, 12, 7" అని చేతి మీద రాసుకుని బయల్దేరవచ్చు. ఎవరికైనా కాలు మడతపడితే ఫోన్‌లో "11వ నంబరు దగ్గరున్నాం" అంటే చాలు. ఒకే అంకెను పార్కులో రెండు చోట్ల వాడకండి. అంకె చుట్టూ ఒక గుండ్రం ఉంటే కిలోమీటర్లనుకునే ప్రమాదం తప్పుతుంది.

5. ప్రతి కూడలికీ పట్టిక వేయండి

పని మొత్తానికీ గుండెకాయ ఇది, ఓపిగ్గా చేయండి.

మూడు బాటలు కలిసే చోటికి మనిషి మూడు వైపుల నుంచి రావచ్చు. నాలుగు కలిస్తే నాలుగు వైపుల నుంచి. ఒక్కో వైపు నుంచి వచ్చేవాడికి ఒక్కో వరస రాయండి: ఏ బోర్డు కనబడుతుంది, దాని మీద ఏ పేర్లు, ఏ బాణాలు. ఖాళీగా మిగిలిన వరసే మీ లోపం. గేటు నుంచి లోపలికి వచ్చేవాళ్ల వరసలు నిండుగా ఉండి, తిరిగి వెళ్లేవాళ్ల వరసలు బోసిగా ఉండడం దాదాపు ప్రతి పార్కులోనూ కనబడుతుంది.

ఎక్కువగా మోసం చేసేది వై ఆకారంలో చీలే బాట. రెండు కొమ్మలూ కొద్దిగానే వంగుతాయి కాబట్టి "తిన్నగా" అన్న బాణం రెండింటికీ వర్తిస్తుంది. అక్కడ నిటారు బాణం వాడకండి, ఏటవాలు బాణాలు వాడండి. తిరుగు ప్రయాణంలో అదే చీలిక ఇంకో రకంగా ముంచుతుంది. ఒక కొమ్మ మీదుగా వచ్చేవాడికి రెండో కొమ్మ భుజం వెనక నుంచి వచ్చి కలుస్తుంది, కలిసినట్టే తెలియదు. కాబట్టి ఆ రెండో కొమ్మలోకి తిరగాల్సినవాడి కోసం బోర్డు చీలిక దాటాక కాకుండా, చేరకముందే కనబడాలి.

నాటే చోటు విషయంలో:

- ఎనిమిది పది మీటర్ల ముందే కంటబడాలి. దాటాక కనిపించే బోర్డు లేనట్టే.
- ఎడమకు చూపే బాణం బోర్డు ఎడమ అంచున, కుడికి చూపేది కుడి అంచున ఉండాలి. "← చెరువు" చదవగానే అర్థమవుతుంది. "చెరువు ←" అయితే బాణం పేరు వైపు చూపుతూ ఒక్క క్షణం తికమక పెడుతుంది.
- తిన్నగా వెళ్లమనడానికి పైకి చూపే బాణం. కిందికి చూపే బాణం వద్దు, దాన్ని వెనక్కి వెళ్లమని చదివేవాళ్లుంటారు.
- కూడలి దాటాక ఇరవై ముప్పై మీటర్లలో ఆ బాట గుర్తు ఒకటి ఉండాలి. "సరైన దారే పట్టాను" అన్న ధీమా మనిషికి కావలసింది సరిగ్గా అక్కడ.

6. దూరం, సమయం

దూరాన్ని చక్రంతో కొలవండి. ఫోనే గతి అయితే ఒకే బాటను రెండు మూడు సార్లు నడిచి సగటు తీయండి. చెట్ల కింద జీపీఎస్ గీత వంకరటింకరగా ఊగుతుంది, ఆ ఊగిసలాట దూరాన్ని ఉన్నదానికంటే పెంచి చూపిస్తుంది. బోర్డు మీద ఒక దశాంశ స్థానం చాలు. "1.237 కి.మీ." వల్ల ఎవరికీ లాభం లేదు.

కొండలున్న పార్కులో కిలోమీటర్ల కంటే నిమిషాలు ఎక్కువ పనికొస్తాయి. స్విట్జర్లాండ్ పసుపు నడక బోర్డుల మీద దూరం ఉండదు, గంటలూ నిమిషాలే ఉంటాయి. లెక్క కట్టడానికి స్కాట్లాండ్ పర్వతారోహకుడు విలియం నైస్మిత్ 1892లో చెప్పిన సూత్రం ఇప్పటికీ వాడుకలో ఉంది: గంటకు మూడు మైళ్లు, అంటే సుమారు 5 కి.మీ. ఎక్కే ప్రతి రెండు వేల అడుగులకు మరో గంట, అంటే ప్రతి 100 మీటర్ల ఎత్తుకు సుమారు 10 నిమిషాలు. అది గట్టి కాళ్ల లెక్క. పిల్లాపాపలతో వచ్చే పార్కుకు గంటకు 3 నుంచి 4 కి.మీ. పట్టుకోండి. 3 కి.మీ. దూరం, 120 మీటర్ల ఎక్కుడు ఉన్న బాటకు నైస్మిత్ లెక్కలో 48 నిమిషాలు. గంటకు 3 కి.మీ. చొప్పున అయితే 72. బోర్డు మీద "1 గం. 15 నిమి." అని రాయండి. ఏ వేగం పట్టుకున్నా పార్కంతటా అదే ఉండాలి.

7. బోర్డు మీద రాత

పాత బోర్డు: "సందర్శకులకు విజ్ఞప్తి. ఈ మార్గం గుండా వెళ్లిన యెడల సరస్సును చేరుకొనవచ్చును."
కొత్త బోర్డు: "↑ చెరువు 1.2 కి.మీ., 20 నిమి."

ఇంతకంటే వివరణ అక్కర్లేదు. మర్యాద మాటలు గేటు దగ్గర చెప్పుకోవచ్చు.

అక్షరం ఎత్తుకు నేను వాడే మోటు లెక్క: ఎంత దూరం నుంచి చదవాలో దాన్ని 200తో భాగించండి. 5 మీటర్లకు 25 మి.మీ. తెలుగులాంటి గుండ్రటి లిపికి 150తో భాగిస్తే మేలు, అంటే 33 మి.మీ. కొలవాల్సింది అక్షరం ఒంటిని మాత్రమే, తలకట్టునూ ఒత్తునూ కలపకుండా. వరసల మధ్య ఖాళీ కూడా ఎక్కువ వదలండి, లేకపోతే పై వరస ఒత్తులు కింది వరస గుడుల మీద కూర్చుంటాయి. అలంకారపు ఫాంట్లు వద్దు. సన్నగీతల ఫాంట్లు తెర మీద అందంగా ఉంటాయి, ఎండలో మాయమవుతాయి.

బోర్డు నేల, అంటే అక్షరాల వెనక రంగు, ముదురుగా ఉంటే తెల్ల అక్షరాలు, లేతగా ఉంటే నల్ల అక్షరాలు. చెక్క మీద చెక్కి రంగు వేయకుండా వదిలేసిన అక్షరాలు మొదట బాగానే ఉంటాయి. వర్షాలకు చెక్క బూడిద రంగుకు తిరిగాక చదవలేం. తేడా చాలిందో లేదో చూడడానికి ఫోన్‌లో ఫోటో తీసి నలుపు తెలుపులోకి మార్చండి. అక్షరాలు నేలలో కలిసిపోతుంటే రంగులు మార్చాల్సిందే.

8. గేటు దగ్గర మ్యాపు

ఉత్తరం పైన ఉండాలన్న పట్టుదల ఇక్కడ వదిలేయండి. నిలబెట్టిన మ్యాపులో, చూసేవాడికి ఎదురుగా ఉన్నది పైన ఉండాలి. మనస్తత్వ శాస్త్రవేత్త మార్విన్ లెవీన్ 1980ల్లో "మీరు ఇక్కడ ఉన్నారు" మ్యాపుల గురించి రాస్తూ గట్టిగా చెప్పింది ఇదే. అలా తిప్పి పెట్టని మ్యాపు చూసి జనం సరిగ్గా వ్యతిరేక దిశలో కూడా నడుస్తారు. అంటే ఒకే మ్యాపును అన్ని గేట్లకూ ముద్రించి అంటించడం కుదరదు, ఒక్కో గేటుకు ఒక్కోలా తిప్పి గీయించాలి. ముద్రణకు ఇచ్చే ఫైల్‌లోనే "తూర్పు గేటు, పడమరకు ముఖం" అని రాసి పెట్టండి, లేకపోతే బిగించేవాళ్లు అటూ ఇటూ మార్చేస్తారు.

"మీరు ఇక్కడ ఉన్నారు" గుర్తు ఒక్కటీ ఎరుపులో పెద్దగా వేయండి. మ్యాపులో ఇంకెక్కడా ఎరుపు వాడకండి. జనం వేలుపెట్టి తాకే చోటు కాబట్టి ముందుగా అరిగేది అదే, ప్రతిసారీ చూసుకోండి.

బాటల వివరాల్లో "సులభం, మధ్యస్థం, కష్టం" అని మాత్రమే రాసి ఊరుకోకండి. వీల్‌చెయిర్‌లో వచ్చేవారికీ, పిల్లల బండి తోసేవారికీ ఆ మాటలు ఏమీ చెప్పవు. అమెరికా ప్రభుత్వ భూముల్లోని నడక దారులకు 2013లో వచ్చిన నియమాలు అడిగే ఐదు వివరాలు బాగుంటాయి: బాట పొడవు, నేల ఏ రకం, వెడల్పు ఎంత (మామూలుగా, ఇరుకైన చోట), వాలు ఎంత (మామూలుగా, నిట్టనిలువు చోట), పక్కవాలు, అంటే బాటకు అడ్డంగా ఉండే వాలు, ఎంత. మెట్లుంటే అవి కూడా. అంకెలు చూసుకుని వెళ్లాలో వద్దో వాళ్లే తేల్చుకుంటారు.

ఇదే సమయంలో ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో (ఎవరైనా మార్చగలిగే ఉచిత ఆన్‌లైన్ మ్యాపు) మీ పార్కు ఎలా ఉందో చూడండి. చాలా నడక యాప్‌లు దాని మీదే నడుస్తాయి. మూసేసిన బాట అక్కడ తెరిచినట్టే ఉంటే మీ బోర్డు ఒకటి చెబుతుంది, ఫోన్ ఇంకోటి చెబుతుంది. జనం ఫోన్‌నే నమ్ముతారు. బాటను అక్కడి నుంచి చెరిపేస్తే ఎవరో మళ్లీ గీస్తారు, "మూసివేశారు" అని గుర్తించి ఉంచడమే మంచి దారి.

9. మధ్యలో గుర్తులు

కూడళ్ల మధ్య బోర్డులు వద్దు, చిన్న గుర్తులు చాలు. అమెరికాలోని అపలేచియన్ ట్రెయిల్ పొడవునా తెల్ల రంగు పట్టీలే దారి చూపుతాయి. పట్టీ వెడల్పు 2 అంగుళాలు, ఎత్తు 6 అంగుళాలు. ఒకదాని మీద ఒకటి రెండు పట్టీలుంటే "చూసుకో, మలుపో చీలికో ఉంది" అని. పక్క బాటలకు నీలం. బాట స్పష్టంగా ఉన్న చోట మూడు నాలుగు వందల మీటర్లకు ఒక గుర్తు సరిపోతుంది. బండల మీద, గడ్డి మైదానంలో, ఆకులు రాలి నేల కనబడని చోట మాత్రం ఒక గుర్తు దగ్గర నిలబడితే తర్వాతిది కనబడాలి.

మేకులు కొట్టకండి. చెట్టు లావెక్కేకొద్దీ పలకను మింగేస్తుంది, గాయంలోంచి పురుగు, బూజు చేరతాయి. చెట్టు మీద రంగు వేయడానికి అనుమతి లేకపోతే నడుము ఎత్తు గుంజలు నాటండి. రెండు వైపులా గుర్తు వేయడం మరచిపోకండి. మరచిపోయేది అదే.

10. కాగితంతో ముందు పరీక్ష

శాశ్వత బోర్డులకు ఆర్డర్ ఇచ్చే ముందు అన్నీ లామినేట్ కాగితాల మీద, అసలు కొలతల్లో ముద్రించి కేబుల్ టైలతో కట్టండి. రెండు వారాలు ఉంచండి. తర్వాత మరో కొత్త బృందంతో 1వ మెట్టు మళ్లీ చేయండి. మొదటి బృందం ఇక పనికిరాదు, వాళ్లకు దారి తెలిసిపోయింది.

ఏది ఎలా కనిపిస్తే ఏం చేయాలి:

- బోర్డు దగ్గర ఆగి చదివి సరిగ్గా వెళ్లారు: బాగుంది. ఎక్కువసేపు చదివితే రాత ఎక్కువైంది.
- చూడకుండానే దాటిపోయారు: చోటు తప్పు. అక్షరాలు పెంచితే కుదరదు, జరపండి.
- చదివి కూడా తప్పు వెళ్లారు: బాణం తప్పు. ముందు కోణం మార్చండి.
- సరిగ్గా వెళ్లి, కాసేపటికి వెనక్కి తిరిగారు: కూడలి దాటాక ఉండాల్సిన ధీమా గుర్తు లేదు.
- తిరుగు దారిలోనే తప్పారు: 5వ మెట్టు పట్టికలో ఖాళీ వరస ఒకటి మీరు చూడలేదు.

సందె వేళ ఒకసారి, వాన పడ్డాక ఒకసారి, కుర్చీలో కూర్చున్న ఎత్తు నుంచి ఒకసారి మీరు కూడా చూడండి.

11. నాటడం

దారి బోర్డు మధ్యభాగం సుమారు 1.4 మీటర్ల ఎత్తులో ఉంటే నిలబడ్డవాళ్లకీ కూర్చున్నవాళ్లకీ చదవడానికి వీలు. స్తంభం నుంచి చెయ్యి చాపినట్టు బాట మీదికి వచ్చే బోర్డు అయితే తల తగలకుండా 2.1 మీటర్ల పైన ఉండాలి. స్తంభం మొత్తం పొడవులో నాలుగో వంతుకు తక్కువ కాకుండా, మెత్తటి నేలైతే మూడో వంతు భూమిలోకి పోవాలి. గుంత తవ్వే ముందు కింద నీటి గొట్టాలు, కరెంటు తీగలు ఎక్కడున్నాయో పార్కువాళ్లను అడిగి తెలుసుకోండి.

స్తంభం అడుగున అడ్డంగా ఒక ఇనుప కడ్డీ దూర్చి కాంక్రీటు పోస్తే ఎవరూ తిప్పలేరు. గుండ్రటి స్తంభం కన్నా చదరపుది మేలు, బోర్డు చుట్టూ తిరగదు. బాణం బోర్డు తిరిగిపోయిందంటే అబద్ధం చెబుతున్నట్టే, బోర్డు లేకపోవడం దానికంటే నయం. కాంక్రీటు పైభాగాన్ని స్తంభం నుంచి బయటికి వాలుగా చేస్తే నీళ్లు నిలవవు. నిటారుగా ఉందో లేదో రసమట్టంతో రెండు పక్కలా చూసి, కాంక్రీటు గట్టిపడేదాకా ఊతకర్రలు తీయకండి. బోలు గొట్టాలు వాడితే పైన మూత తప్పనిసరి. మూత లేని గొట్టాల్లో చిన్న పక్షులు దిగి పైకి రాలేక చనిపోతాయి, కందిరీగలు గూళ్లు కడతాయి.

మంటలు వచ్చే అవకాశమున్న చోట ప్లాస్టిక్ స్తంభాలు వద్దు. ఎండ ఎక్కువ పడే చోట ఎరుపు, పసుపు ఇంకులు ముందు వెలిసిపోతాయి కాబట్టి ముఖ్యమైన రాత నలుపులోనో తెలుపులోనో ఉండనివ్వండి.

12. నాటాక

బిగించిన రోజే ప్రతి బోర్డునూ అన్ని వైపుల నుంచీ ఫోటో తీసి 2వ మెట్టు పట్టికలో పాతవాటి స్థానంలో చేర్చండి. బోర్డు వెనక కింది మూలన నంబరు, ఫిర్యాదు చెప్పే ఫోన్ నంబరు చిన్నగా రాయండి. "అక్కడెక్కడో బోర్డు పడిపోయింది" అనే ఫోన్లు "23 పడిపోయింది"గా మారతాయి.

ఏడాదికి రెండుసార్లు, ఆకులు దట్టంగా ఉన్న కాలంలో ఒకసారి, వానల తర్వాత ఒకసారి, పార్కంతా రెండు దిశల్లో నడిచి చూడండి. వెంట తీసుకెళ్లాల్సినవి కొమ్మలు కత్తిరించే కత్తెర, సబ్బునీళ్లు, మెత్తటి బ్రష్, స్పానర్. పీచు బ్రష్, ఘాటు రసాయనాలు పై పూతను గీకేస్తాయి. బాట మారినా మూసినా, మ్యాపులు మార్చి ముద్రించేదాకా ఆగకుండా ఆ రోజే కూడలి బోర్డు మీద ఆ పేరును మూసేయండి. రంగు టేపైనా సరే.